అత్తగారు చేరిందా?

ఇంటి వెనక షెడ్డు,
ఆదివారం, అన్నం తిన్నాక

తాతయ్యా,

ముందే చెప్తున్నా, నా తెలుగు చూసి నవ్వకు. మా స్కూల్లో తెలుగు వారానికి మూడు పీరియడ్లే, అందులో ఒకటి పీటీ సార్ లాక్కుంటారు. మాట్లాడినట్టే రాస్తాను. ఫోన్ చేద్దామంటే నీకు ఫోన్‌లో సగం వినిపించదు. నువ్వు 'ఏంటీ, ఏంటీ' అంటావు, నేను అరవాలి. ఇది అరిచి చెప్పే విషయం కాదు. అమ్మకి చెప్పనని ప్రామిస్ చేశాకే కింద చదువు. చదివాక చింపెయ్.

చేశావా?

మా ఇంటి తాతగారి మోటార్‌సైకిల్ పాడుచేశాను. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచీ అది స్టార్ట్ కాలేదు. నానమ్మ దానికి పాత దుప్పటి కప్పి ఉంచింది. ప్రతి బుధవారం షెడ్డు తలుపు వేసుకుని, దుప్పటి తీసి, తుడిచి, మళ్ళీ కప్పుతుంది. ఆ టైంలో ఎవర్నీ రానివ్వదు, నాన్నని కూడా. ఒకసారి కిటికీలోంచి చూశాను. తుడవడం అయ్యాక కిక్‌ని చేత్తో కిందికి నొక్కింది. అది ఏమీ అనలేదు. 'సరేలే, పడుకో' అంది దానితో.

అది విన్నాక నాకు దాన్ని లేపాలనిపించింది. ఇప్పుడు నానమ్మ రెండు నెలలకి కూతురింటికి వెళ్ళింది. వెళ్తూ, బండి మీద దుప్పటి కూడా కదపొద్దని నాకు చెప్పి మరీ వెళ్ళింది. స్కూల్ కంప్యూటర్లో వీడియోలు చూశాను. ప్లగ్‌లో నిప్పు రావట్లేదు. నిప్పు పుట్టించే పాయింట్లు మాగ్నెట్ అనే చక్రం కింద ఉంటాయట. కవర్ ఊడదీశాను. చక్రం మధ్య నట్టు తిప్పుతుంటే చక్రం మొత్తం దాంతోపాటే తిరుగుతోంది. సుత్తితో కొట్టాను. సుత్తి జారింది. ఇంజిన్ చుట్టూ రెక్కల్లా ఉంటాయి కదా, వాటిలో ఒకదాని మూల ఊడి కింద పడింది. బొటనవేలంత ముక్క. జామెట్రీ బాక్స్‌లో దాచాను.

తాతయ్యా, ఇంకో సంగతి. నానమ్మ దగ్గర తాతగారివి రెండే మిగిలాయి, కళ్ళజోడు, ఈ బండి. కళ్ళజోడు నా చిన్నప్పుడు నేనే తొక్కేశాను.

నువ్వు నలభై ఏళ్ళు పాత బండ్లే బాగుచేశావు కదా. ఏదో ఒకటి చెప్పు. ఉత్తరం చివర 'ఇట్లు' అని రాయాలట.

ఇట్లు,
ముద్దాయి


మూసిన షాపు, ముందు గది,
గురువారం

అమ్మడూ,

ప్రామిస్ చేశాను. చదివాను. చింపలేదు. నాకు ఉత్తరం రాసేవాళ్ళు ఎవరున్నారని చింపుతాను? రేకు పెట్టెలో పెట్టి తాళం వేశాను.

ముందు ఆ సుత్తి కింద పెట్టు. మా షాపులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి నెలంతా సుత్తి ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. ఎందుకో ఇప్పుడు నీకు వేరే చెప్పక్కర్లేదు.

చక్రం తిరక్కుండా ఆపాలంటే ఆడపడుచు కావాలి. కంగారుపడకు, తాడు సంగతి చెప్తున్నాను. ప్లగ్ విప్పి, పిస్టన్ సగం పైకి వచ్చేదాకా చక్రాన్ని చేత్తో తిప్పు. ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి నూలుతాడు కూరు. కొస బయటే ఉంచు, అది కూడా లోపలికి పోయిందంటే నాకూ బేడీలు తప్పవు. అప్పుడు నట్టు తిప్పితే పిస్టన్ తాడుకి ఆనుకుని ఆగిపోతుంది, నట్టు ఒక్కటే వస్తుంది. మధ్యలో దూరి కూర్చుంటే ఇక ఏదీ కదలదు కాబట్టి దాని పేరు ఆడపడుచు.

ఆ పేర్లు నేను పెట్టినవి కాదు. పాత బండ్లకి కంపెనీ పనిముట్లు దొరక్క అన్నీ నేనే చేసుకునేవాణ్ణి, తలుపు బందులతో, సైకిల్ చెయిన్లతో, వంటింటి గరిటెలతో. గరిటె కనపడకపోతే మీ అమ్మమ్మ నేరుగా షాపుకే వచ్చేది. వచ్చి గుమ్మంలో కూర్చుని ఒక్కోదానికి పేరు పెట్టి, బోర్డు మీద మేకు కింద సున్నంతో రాసేది. ఒకదాని పక్కన ఒకటి ఇమడని రెండు వంకర స్పానర్లు తోడికోడళ్ళు. అవసరానికి జారిపోయే పట్టకారు మరిది. మీ అమ్మమ్మ పోయాక కూడా నాకు వేరే పేర్లు నోటికి రావు.

నట్టు వచ్చినా చక్రం రాదు. దానికి అత్తగారు కావాలి. లారీ యాక్సిల్ ముక్కకి మర కోయించి, నడుమ బస్సు బోల్టు పెట్టి చేశాను. చక్రాన్ని ఒకసారి పట్టుకుందంటే బయటికి లాగేదాకా వదలదు. ఆ రకం బండ్లు నా చేతిలో ఎన్నో పడ్డాయి, సరిగ్గా సరిపోతుంది. పార్సిల్లో పంపుతాను.

ఆ విరిగిన ముక్కని ఒకసారి సరిగ్గా చూడు. విరిగిన చోట మెరుస్తోందా, లేదా? రాయి. తాడు ఎలా కూరాలో కింద బొమ్మ గీశాను.

మీ తాతయ్య


ఇంటి వెనక షెడ్డు,
శనివారం, ట్యూషన్‌కి వెళ్ళానని అందరూ అనుకుంటున్న టైం

తాతయ్యా,

వచ్చింది. నట్టు వచ్చింది. నా స్కిప్పింగ్ తాడు పిడులు కోసేసి ఆడపడుచుని చేశాను. స్పానర్ మీద నా బరువంతా వేసి నొక్కితే టక్‌మని చప్పుడైంది. ఏదో విరిగిందనుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే నట్టు నా వేళ్ళతోనే తిరుగుతోంది. షెడ్డులో ఒక్కదాన్నే గెంతాను, తాడు లేకుండా.

అమ్మ స్కిప్పింగ్ తాడు ఏదని అడిగింది. ఫ్రెండ్‌కి ఇచ్చానన్నాను. అమ్మ 'ఊఁ' అంది. అమ్మ ఊఁ అంటే నమ్మిందో లేదో ఎప్పటికీ తెలీదు.

నీ బొమ్మ చూసి ముందు భయపడ్డాను, ఇంజిన్‌కి జ్వరం వచ్చినట్టుంది. గీతలన్నీ వంకర. బస్సులో కూర్చుని గీశావా?

ముక్క సంగతి. జామెట్రీ బాక్స్ తెరవడానికే మూడు రోజులు పట్టింది. మెరవట్లేదు. లోపలంతా తెల్లగా ఉంది, చాక్‌పీస్‌లా. పైన నల్లగా ఉంది, వేలికి అంటుకుంటోంది. అది మంచిదా చెడ్డదా?

పార్సిల్ వస్తే స్కూల్ ప్రాజెక్ట్ అంటాను. ఏ సబ్జెక్ట్ అంటే ఫిజిక్స్ అంటాను. ఆలోచిస్తే అబద్ధం కూడా కాదు. నానమ్మ రావడానికి ఇంకా మూడు వారాలుంది.

ఇట్లు,
బెయిల్ మీద ఉన్న ముద్దాయి


[కార్డు]
షాపు,
మంగళవారం

అమ్మడూ,

కవర్లు అయిపోయాయి, కార్డు మీద రాస్తున్నాను. అత్తగారు చేరిందా? చేరితే ఇక ఆలస్యం చెయ్యకు. ముందు రోజే నూనె పోసి నానబెట్టు. మర్నాడు గట్టిగా పట్టుకుని బిగించు. మొండికేస్తుంది, భయపడకు, ఇంకో పావు చుట్టు బిగించు. అప్పటికీ దారికి రాకపోతే సుత్తి తీసుకుని నెత్తి మీద సూటిగా ఒక్కటి వెయ్యి. ఒక్కటే. రెండోది వేస్తే పగులుతుంది. పని అయ్యాక గుడ్డలో చుట్టి పెట్టెలో పడెయ్. ఇంట్లో ఎవరికీ తెలియనివ్వకు.

నీ ముసలాడు


మేడ మీద గది, తలుపు వేసుకుని,
ఆదివారం

తాతయ్యా,

కొంప మునిగింది.

పార్సిల్ మంగళవారమే వచ్చింది, షెడ్డులో దాచాను. నానమ్మ శుక్రవారం పొద్దున వచ్చేసింది, రెండు వారాల ముందే. అక్కడ తోచలేదట. గేటు దగ్గర ఆటోలోంచి సామాన్లు దింపుకుంటుంటే పోస్ట్‌మాన్ నీ కార్డు తెచ్చి తన చేతికే ఇచ్చాడు. ఇచ్చి, నానమ్మ వైపు అదోలా జాలిగా చూసి, సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

కార్డు మీద నాన్న పేరు, ఇంటి నంబరు. లోపల అమ్మడూ అని. నువ్వు అమ్మని కూడా అమ్మడూ అనే పిలుస్తావు, తాతయ్యా. ఆ సంగతి నీకు గుర్తులేదా?

నానమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివింది. అమ్మని పిలిచి చేతికిచ్చి, చాలా మర్యాదగా అంది: "అమ్మాయ్, మీ నాన్నగారు రాశారు. అత్తగారు చేరిందా అని అడుగుతున్నారు. చేరారా అని కూడా కాదు, చేరిందా అట. చేరింది అని రాసెయ్."

అమ్మ చదివింది. నా వైపు ఒక్క చూపు చూసి, కార్డు మడిచి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ నానమ్మ భోజనం గదిలోకే తెప్పించుకుంటోంది. సొరుగులో ఉండే సుత్తి తీసుకెళ్ళి తన మంచం కింద పెట్టుకుంది. అమ్మ ప్రతి శనివారం నానమ్మ తలకి నూనె పెడుతుంది కదా, నిన్న గిన్నె పట్టుకుని వెళ్తే, 'నన్ను నానబెట్టక్కర్లేదమ్మా' అంది. నాన్న అమ్మని అడిగారు, మీ నాన్న అలా ఎలా రాస్తారని. అమ్మ అప్పుడూ ఏమీ అనలేదు. అమ్మకి ఏమీ తెలీదు, ఏమని చెప్తుంది పాపం.

ఇంకో మూడు రోజుల్లో బుధవారం. నానమ్మ దుప్పటి తీస్తుంది. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని ఇది మీ ఊరి బస్సు కండక్టర్‌కి ఇచ్చి పంపుతున్నా, నువ్వు నానమ్మకి ఉత్తరం రాసెయ్.

ఇట్లు,
(ఏం రాయాలో తెలీట్లేదు)


షాపు,
సోమవారం, అదే కండక్టర్ చేత పంపుతున్నాను

అమ్మడూ,

నిన్ను ఇలా పిలవడానికి కూడా ఇప్పుడు భయమేస్తోంది. అయినా అమ్మడూ.

మీ అమ్మకి ఏమీ తెలీదని రాశావు. పిచ్చిదానా, మీ అమ్మ ఆ బోర్డు కిందే కూర్చుని అక్షరాలు దిద్దింది. బళ్ళో 'అ' అంటే అమ్మ అని చెప్తే, కాదు అత్తగారు అని వాదించి వచ్చింది. కార్డు చూడగానే దానికి మొత్తం అర్థమై ఉంటుంది. అత్తగారు ఏమిటో, ఎవరికి వచ్చిందో, స్కిప్పింగ్ తాడు ఏమైందో. ఒక్క మాట చెప్తే తను బయటపడుతుంది, నువ్వు దొరికిపోతావు. అందుకని నోరు మూసుకుని మాట పడుతోంది.

నేను మీ నానమ్మకి రాయగలను. రాస్తాను కూడా, నువ్వు వద్దంటే తప్ప. కాని నేను రాస్తే ఒక ముసలాడు సంజాయిషీ చెప్పుకున్నట్టు ఉంటుంది. నువ్వు చెప్తే వేరు.

నిన్ను ఒక్కదాన్నే చెప్పమనడం న్యాయం కాదు, ముందు నేను చెప్తాను. ఆ బొమ్మ బస్సులో గీయలేదు. నా చేతులు వణుకుతున్నాయి. నాలుగేళ్ళైంది. షాపు మూసింది అందుకే. కళ్ళు సరిగ్గా ఆనట్లేదని మీ అమ్మతో అబద్ధం చెప్పాను. దాచిపెట్టే బుద్ధి నీకు ఎవరి నుంచి వచ్చిందో చూసుకో.

ఆ తెల్లముక్క గురించి నాకో అనుమానం ఉంది. ఇప్పుడు చెప్పను. చెప్తే నువ్వు దాని చాటున దాక్కుంటావు.

మీ తాతయ్య


ఇంటి వెనక షెడ్డు, తలుపు తీసే ఉంది,
బుధవారం సాయంత్రం

తాతయ్యా,

చెప్పేశాను.

నీ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్ళి అమ్మ పక్కన నిలబడ్డాను. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ, 'వెళ్ళు, తలుపు వేసుకుంది' అంది. అంతే.

షెడ్డు తలుపు కొట్టాను. నానమ్మ కొంచెమే తెరిచింది. నేను కళ్ళు మూసుకుని మొత్తం ఒకే ఊపిరిలో చెప్పాను, కవరు, తాడు, నట్టు, సుత్తి, కార్డు నాకే అని, అమ్మకి దాంతో సంబంధం లేదని. ఇంగ్లీషులో కూడా కొంత చెప్పాననుకుంటా. జామెట్రీ బాక్స్ తెరిచి ముక్క తన అరచేతిలో పెట్టాను.

నానమ్మ దాన్ని గోరుతో గీకింది. వాసన చూసింది. స్టూలు మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది, తాతయ్యా.

"ఇది నువ్వు విరగ్గొట్టింది కాదే. నేను విరగ్గొట్టింది."

ముప్ఫై ఏళ్ళ క్రితం తాతగారు పనికి వెళ్ళినప్పుడు నానమ్మ ఎవరికీ చెప్పకుండా బండి నడపడం నేర్చుకుందట. ఈ పెరట్లోనే, గుండ్రంగా. మూడో రోజు వెనక మెట్టుకి గుద్దింది. రెక్క మూల విరిగి ఎక్కడో పడిపోయింది. ఆయన వచ్చేలోపు కిటికీ అద్దాలకి పెట్టే లప్పం తెచ్చి అతికించి, పైన కాటుక పూసింది. ఇంజిన్ వేడికి అది రాలిపోయేది, మళ్ళీ పెట్టేది. ఆయన పోయాక కూడా ఆపలేదు. తలుపు వేసుకుని తుడిచేది అందుకు. ముప్ఫై ఏళ్ళుగా నానమ్మ ఒక ఇంజిన్‌కి కాటుక పెడుతోంది.

తాతగారికి తెలిస్తే తిట్టేవారా అని అడిగాను.

"ఏమీ అనేవారు కాదు. అందుకే చెప్పలేకపోయాను."

తర్వాత అత్తగారిని చూపించమంది. చేతిలోకి తీసుకుని బరువు చూసింది. 'బాగానే ఉంది, పుష్టిగా' అంది. అప్పుడు అమ్మని కేకేసింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది, తలుపు పక్కనే ఉన్నట్టుంది.

"నీకు మొదట్నుంచీ తెలుసా, అమ్మాయ్?"

"తెలుసు, అత్తయ్యా."

"మరి ఐదు రోజులు నేను సుత్తి పక్కన పెట్టుకుని పడుకుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"పాప తనే చెప్తుందని ఆగాను. మధ్యలో రెండుసార్లు నవ్వొచ్చింది, బాత్రూంలోకి వెళ్ళి నవ్వుకున్నాను."

నానమ్మ లేచింది. వెళ్ళి మంచం కింద సుత్తి తెచ్చింది. నువ్వు చెప్పినట్టే అత్తగారిని బిగించాం. పావు చుట్టు, ఇంకో పావు చుట్టు. మొండికేసింది. నేను సుత్తి కోసం చెయ్యి చాపాను. నానమ్మ ఇవ్వలేదు. తన నెత్తి మీద తనే కొట్టుకుంటానని, ఆ అవకాశం ఇంకెవరికీ ఇవ్వనని అంది. సూటిగా ఒక్కటి వేసింది.

చక్రం ఊడి అమ్మ ఒళ్ళో పడింది.

పాయింట్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అమ్మ నెయిల్ ఫైల్‌తో రుద్దాం, మెరిశాయి. కిక్ మరీ తేలిగ్గా పోతోంది, లోపల బిగువు లేదట, సిలిండర్ కూడా తీసి చూడాలంటోంది నానమ్మ. ఇంతదాకా వచ్చాక ఇంకేం దాచాలంది.

చేతుల సంగతి నేను చెప్పలేదు. నానమ్మే బొమ్మ చూసి కనిపెట్టింది. అమ్మకి మాత్రం నువ్వే చెప్పు.

ఇట్లు,
నేరం ఒప్పుకున్న ముద్దాయి


పెరటి మెట్టు (అదే మెట్టు),
రెండు వారాల తర్వాత

అన్నయ్యగారికి,

మీ అత్తగారు క్షేమంగా చేరింది. నెత్తి మీద ఒక్కటే పడింది, పగల్లేదు.

సిలిండర్ తీసి మసి గీకాం. రింగులు పిస్టన్‌కి అతుక్కుపోయి ఉంటే వేడినీళ్ళు, సబ్బు, ఓపిక, మూడూ కలిపి విడిపించాం. తిరిగి సిలిండర్లోకి దూర్చేటప్పుడు ఒక రింగు లోపలికి పోతే ఇంకోటి బయటికొస్తోంది. నేను బిస్కెట్ డబ్బా రేకు కత్తిరించి, వాటి చుట్టూ చుట్టి, గ్యాస్ పైపు క్లిప్పుతో బిగించాను. నోరెత్తకుండా లోపలికి పోయాయి.

మీ ఆనవాయితీ ప్రకారం దానికి పేరు పెట్టాలి కదా. వియ్యంకుడు అని పెట్టాను. వట్టి డబ్బా కదా, అందుకని.

చేతులు వణికితే వణకనివ్వండి. ఇక్కడ చేతులు ఆరున్నాయి. ఏది ఎటు తిప్పాలో చెప్పే నోరు ఒక్కటే తక్కువ. మీ అమ్మాయి కూడా అదే అంటోంది, మీరు తనకి రాసింది చదివి కాస్త ఏడ్చి అంటోంది. వచ్చేటప్పుడు ఆ బోర్డు తీసుకురండి. వదినగారి చేతిరాత చూడాలి.

మీ చెల్లెమ్మ


షాపు,
శుక్రవారం

చెల్లెమ్మగారికి,

నలభై ఏళ్ళలో నన్ను మొహం మీద డబ్బా అన్నవాళ్ళు లేరు. వెనకాల అనేవారు. పేరు ఖాయం చేస్తున్నాను.

బోర్డు మీద చివరి మేకు ఖాళీగా ఉంది. దాని కింద పేరు రాయవేం అని అడిగితే మీ వదినగారు, ఇంకా చెయ్యాల్సినవి ఉంటాయి కదా అనేది. వియ్యంకుణ్ణి అక్కడ తగిలిద్దాం. పేరు మాత్రం మీరు రాయండి. నేను రాస్తే బస్సులో రాసినట్టు ఉంటుంది.

ఇరవయ్యో తారీఖు బయల్దేరుతున్నాను.

మీ అన్నయ్య


[కార్డు]
ఇంటి పెరడు,
ఆదివారం పొద్దున, ఇంకా పొగ పోలేదు

తాతయ్యా,

నువ్వు వచ్చేదాకా ఆగలేకపోయాం, తిట్టకు. పదకొండో కిక్‌కి అది దగ్గింది. పన్నెండో కిక్‌కి లేచింది. పెరడంతా నీలం పొగ. నానమ్మ దానితో, 'ఇంతసేపా లేవడం' అంది. ఎక్కి కూర్చుంది. అమ్మ వైపు తిరిగి, 'ఎక్కు, అమ్మాయ్' అంది. అమ్మ నిజంగానే ఎక్కింది. మొదటి గేర్‌లో పెరట్లో మూడు చుట్లు తిరిగారు, అమ్మ నానమ్మ నడుం గట్టిగా పట్టుకుని కేకలు, నేను వెనకాల పరుగు. మెట్టు వచ్చినప్పుడల్లా ముగ్గురం కళ్ళు మూసుకున్నాం. నడిపే మనిషి మూసుకోకూడదని తర్వాత నాన్న చెప్పారు. విరిగిన రెక్కకి ఇక లప్పం పెట్టం, అలాగే ఉంటుంది.

ఇంట్లో కవర్లు ఉన్నాయి. అయినా కార్డు మీదే రాస్తున్నా. మా పోస్ట్‌మాన్ అంకుల్ చేతికే ఇస్తాను, చదివితే చదవనీ. ఆ అత్తగారు చివరికి ఏమైందో అని ఆయన కూడా పాపం ఇన్నాళ్ళూ ఆలోచిస్తూనే ఉండుంటాడు.

ఇట్లు,
నేనే